రికార్డు మీద ఐదో పేరు: 'గెట్ బ్యాక్'లో బిల్లీ ప్రెస్టన్‌కి దక్కిందేంటి, దక్కనిదేంటి

1969 ఏప్రిల్ 11న బ్రిటన్‌లో వచ్చిన 'గెట్ బ్యాక్' రికార్డు నడిమధ్య, ఆకుపచ్చ ఆపిల్ బొమ్మ మీద, బ్యాండ్ పేరు పక్కనే ఇంకో మనిషి పేరు ఉంటుంది. 'ద బీటిల్స్ విత్ బిల్లీ ప్రెస్టన్' అని. తిరగేస్తే రెండో వైపున్న 'డోంట్ లెట్ మీ డౌన్' మీదా అదే. అప్పటికి ప్రపంచంలోకెల్లా పెద్ద బ్యాండ్ అది, అమ్ముడుపోవడానికి ఎవరి పేరూ అరువు తెచ్చుకోవాల్సిన పనిలేదు, అలాంటిది అమెరికా నుంచి వచ్చిన 22 ఏళ్ల కీబోర్డు కుర్రాడి పేరు తమ పేరు పక్కన అచ్చేయించుకుంది. ఆ రికార్డు బ్రిటన్ చార్టులోకి దిగడమే నంబర్ వన్‌గా దిగి 6 వారాలు అక్కడే కూర్చుంది, అమెరికాలో 5 వారాలు.

ఈ ఒక్క లైను చుట్టూ అల్లుకున్న కథలకి లెక్కలేదు. బిల్లీయే ఐదో బీటిల్ అంటారు. గొడవపడుతున్న నలుగురినీ వచ్చి కలిపింది అతనే అంటారు. బీటిల్స్ రికార్డు మీద పేరు పడిన ఏకైక బయటివాడు అంటారు. అన్నిట్లోనూ ఎంతో కొంత నిజం ఉంది, కానీ అన్నీ కలగాపులగం చేసి చెప్పడంతో అతను చేసిన అసలు పని మరుగున పడిపోతోంది. నాకు బాధనిపించేది అదే. ఆ పాటలో అతను చేసింది పియానో వాయించడం, అదీ అద్భుతంగా వాయించడం, మనమేమో అతన్ని తగువులు తీర్చిన పెద్దమనిషిలా గుర్తుపెట్టుకుంటున్నాం.

కాబట్టి ముందు, ఆ గదిలోకి పియానో వాయించేవాడు ఎందుకు కావాల్సొచ్చాడో చూద్దాం.

1969 జనవరి 2న బీటిల్స్ లండన్ శివార్లలోని ట్వికెన్‌హామ్ ఫిల్మ్ స్టూడియోలో పని మొదలుపెట్టారు. కొత్త పాటలు కట్టడం, వాటిని టీవీ షో కోసం జనం ముందు వాయించడం, ఆ తతంగమంతా సినిమా తీయడం, ఇదీ ప్లాను. దానికి తోడు ఒక నియమం పెట్టుకున్నారు: ఓవర్‌డబ్‌లు ఉండకూడదు. అంటే ముందు డ్రమ్స్, గిటార్ రికార్డు చేసి, తర్వాత తీరిగ్గా దాని మీద పియానో, ఇంకో గొంతు, ఇంకో గిటార్ చేర్చుకుంటూ పోవడం కుదరదు. అందరూ ఒకేసారి వాయించాలి, వచ్చింది వచ్చినట్టు టేపు మీదికి వెళ్లాలి. అంతకుముందు రెండు మూడేళ్లుగా స్టూడియోలో పొర మీద పొర వేసి పాటలు చేసిన వాళ్లకి ఇది మళ్లీ మొదటికి రావడమే.

ఆ నియమం పెట్టుకున్నాక సంగీతం కాస్తా లెక్కల వ్యవహారం అయిపోయింది. ఉన్నది నలుగురు. రింగో డ్రమ్స్ వదిలి లేవలేడు. పాల్ బాస్ వాయిస్తూ పాడతాడు, జాన్, జార్జ్ చేతుల్లో గిటార్లు. ఇక కీబోర్డుకి మనిషేడి? పోనీ పాల్ పియానో దగ్గర కూర్చుంటాడనుకుందాం ('లెట్ ఇట్ బీ'కి, 'ద లాంగ్ అండ్ వైండింగ్ రోడ్'కి అదే జరిగింది), అప్పుడు బాస్‌కి మనిషి తక్కువవుతాడు. జానో జార్జో తన గిటార్ పక్కన పెట్టి ఆరు తీగల ఫెండర్ బాస్ పట్టుకోవాలి. అది జాన్ రోజూ వాయించే వాయిద్యం కాదు, 'ద లాంగ్ అండ్ వైండింగ్ రోడ్'లో అతని బాస్ తడబడడం ఇప్పటికీ చెవికి తెలుస్తుంది. ఓవర్‌డబ్ చేసుకునే రోజుల్లో ఈ ఇబ్బంది లేదు, పాలే రెండూ వాయించేసేవాడు. ఐదో మనిషి అవసరం వాళ్ల స్నేహం చెడడంవల్ల మాత్రమే రాలేదు, వాళ్లు పెట్టుకున్న నియమంవల్ల వచ్చింది. మామూలుగా చెప్పే కథలో ఈ ముక్క ఉండదు.

స్నేహం చెడిన మాట కూడా నిజమే. జనవరి 10న జార్జ్ హారిసన్ మానేస్తున్నానని చెప్పి వెళ్లిపోయాడు. తర్వాత కూర్చుని మాట్లాడుకున్నారు, టీవీ షో ఆలోచన పక్కన పెట్టారు, చలికి వణుకుతూ పనిచేసిన ఆ ఫిల్మ్ స్టూడియో వదిలి లండన్ నడిబొడ్డున 3 సావిల్ రో లో తమ సొంత కంపెనీ ఆపిల్ ఆఫీసు బేస్‌మెంట్‌కి మారారు. అక్కడ ముందే కట్టించుకున్న స్టూడియో పరికరాలు ఎందుకూ పనికిరాకపోతే వాళ్ల రికార్డింగ్ కంపెనీ ఈఎంఐ నుంచి అరువు తెచ్చుకోవాల్సొచ్చింది. 21న అక్కడ పని మొదలైంది, 22న బిల్లీ వచ్చాడు.

అతనేమీ కొత్త మనిషి కాదు. 1962లో అమెరికా రాక్ గాయకుడు లిటిల్ రిచర్డ్ బృందంతో ఇంగ్లండ్ వచ్చినప్పుడు బిల్లీకి 16 ఏళ్లు, బీటిల్స్ అప్పటికి లివర్‌పూల్ దాటి పెద్దగా ఎవరికీ తెలియదు. హాంబర్గ్‌లోనూ కలిసి తిరిగారు. తర్వాత బిల్లీ గాయకుడు రే చార్ల్స్ బృందంలో ఆర్గన్ వాయించాడు, లండన్‌లో ఆ కచేరీ చూసిన జార్జ్ అతన్ని గుర్తుపట్టాడు. టీవీ కార్యక్రమాల పని మీద లండన్‌లో ఉన్న బిల్లీ పలకరించిపోదామని వస్తే ఎలక్ట్రిక్ పియానో ముందు కూర్చోబెట్టేశారు. 2021లో పీటర్ జాక్సన్ విడుదల చేసిన డాక్యుమెంటరీలో ఇది కళ్లారా చూడొచ్చు: కాసేపు వాయించాడో లేదో, నువ్వూ గ్రూపులో ఉన్నట్టే అనేస్తాడు జాన్.

ఎవరైనా అతిథి ఇంట్లో ఉంటే మనుషులు కాస్త బుద్ధిగా ఉంటారని జార్జ్ తర్వాత చెప్పాడు, అంతకుముందు ఏడాది గిటారిస్టు ఎరిక్ క్లాప్టన్‌ని స్టూడియోకి తీసుకొచ్చినప్పుడూ అదే చూశానన్నాడు. ఆ మాట కొట్టేయలేం. కానీ బిల్లీ వచ్చేనాటికే జార్జ్ తిరిగొచ్చాడు, చోటు మారింది, పెద్ద తగువు తీరింది. బిల్లీ తెచ్చిన మార్పు మర్యాద ఒక్కటే అయితే రికార్డు మీద పేరు వేసేవాళ్లు కాదు. మూడు వారాలుగా గునుస్తున్న పాటలు ఒక్కసారిగా గాడిన పడడం వాళ్లకి వినబడింది. పేరుకి కారణం అదేనని నా నమ్మకం.

'గెట్ బ్యాక్' సంగతే తీసుకోండి. జనవరి 7న జాన్ ఇంకా రాలేదు, జార్జ్ ఆవలిస్తూ కూర్చున్నాడు, పాల్ బాస్ గిటార్‌నే మామూలు గిటార్‌లా గీకుతూ మాటల్లేకుండా ఏదో కూనిరాగం తీస్తుంటే మన కళ్ల ముందే పాట పుట్టుకొస్తుంది. ఆ తొలి రోజుల్లో మాటలు వేరేలా ఉండేవి. అంతకుముందు ఏడాదే కెన్యా నుంచి వస్తున్న మన ఉపఖండం సంతతి వాళ్లని ఆపడానికి బ్రిటన్‌లో కొత్త చట్టం వచ్చింది, వలసలకి వ్యతిరేకంగా రాజకీయ నాయకుడు ఎనక్ పావెల్ ప్రసంగం దేశాన్ని కుదిపేసింది. ఆ ద్వేషాన్ని ఎగతాళి చేస్తూ పాల్ కొన్ని లైన్లు కట్టాడు, కానీ ఎగతాళి అర్థంకాక జనం దాన్నే నిజమనుకునే ప్రమాదం ఉంది, అందుకే ఆ దారి వదిలేశారు. చివరికి మిగిలింది జోజో, లొరెట్టా అనే ఇద్దరు. బిల్లీ వచ్చేసరికి పాటకి ఎముకలు ఉన్నాయి, దౌడు తీసే డ్రమ్స్ ఉన్నాయి. లేనిది కండ.

ఇప్పుడు పాట పెట్టుకుని వినండి, వీలైతే హెడ్‌ఫోన్స్‌తో. రింగో స్నేర్ డ్రమ్ మీద గుర్రం పరిగెత్తినట్టు వాయిస్తుంటాడు, మామూలుగా రిథమ్ వాయించే జాన్ ఇందులో లీడ్ గిటార్ పట్టాడు, జార్జ్ రిథమ్. మొదటి పల్లవి తర్వాత సోలో జాన్‌ది. రెండోసారి పల్లవి అయ్యాక వచ్చే సోలో బిల్లీది. అతని ముందున్నది ఫెండర్ రోడ్స్ ఎలక్ట్రిక్ పియానో. దాంట్లో మీట నొక్కితే చిన్న సుత్తి ఒక సన్నటి లోహపు కడ్డీని కొడుతుంది, ఆ కంపనాన్ని ఎలక్ట్రిక్ గిటార్‌లో ఉండే లాంటి పికప్ పట్టుకుని యాంప్లిఫయర్‌కి పంపుతుంది. మెల్లగా నొక్కితే గంటలా మోగుతుంది, గట్టిగా కొడితే గరగరమంటుంది. బిల్లీ ఈ రెంటి మధ్య ఆడుకుంటాడు. నోట్లు గుమ్మరించడు. ఒక మాట అన్నట్టు నాలుగు నోట్లు వేస్తాడు, ఆగుతాడు, డ్రమ్స్‌కి చోటిస్తాడు, మళ్లీ అందుకుంటాడు. చర్చిలో పాటగాడు ఒక లైను పాడి ఊపిరి పీల్చుకునే లోపు ఆర్గన్ జవాబిచ్చే అలవాటు అది, పదేళ్ల వయసులో చర్చి పాటల గాయని మహేలియా జాక్సన్ పక్కన ఆర్గన్ వాయించినవాడికి అది ఎవరూ నేర్పక్కర్లేదు.

సోలో కంటే నాకు ఎక్కువ ఇష్టమైంది, సోలో లేనప్పుడు అతను చేసేది. పాల్ పాడుతున్నంతసేపూ వెనకాల పొడిపొడిగా కార్డ్స్ (ఒకేసారి మోగే కొన్ని స్వరాలు) తగిలిస్తుంటాడు, రెండు గిటార్ల మధ్య ఉన్న ఖాళీలోనే, ఒక్కదాని మీదికీ ఎక్కకుండా. అవి ఉన్నాయని మొదటిసారి గమనించం కూడా. ఒకసారి గమనించాక మాత్రం అవి లేకుండా ఆ పాటని ఊహించుకోలేం.

ఇంకో చిక్కు ఈ పాట ఏ రోజుది అన్నది. జనవరి 30న ఆ ఆఫీసు డాబా మీద చేసిన రూఫ్‌టాప్ కచేరీలో వాయించిందే రికార్డుగా వచ్చిందని చాలామంది అనుకుంటారు. కాదు. సింగిల్‌లో (ఏప్రిల్‌లో వచ్చిన ఆ రెండు పాటల రికార్డులో) ఉన్నది జనవరి 27న బేస్‌మెంట్‌లో వాయించిన టేక్, దాని చివర పాట ఆగినట్టే ఆగి మళ్లీ మొదలయ్యే తోక 28న వాయించింది, రెంటినీ కత్తిరించి అతికించారు. ఈ ఎలక్ట్రానిక్ యుగంలో వీలైనంత లైవ్‌గా చేసిన రికార్డు అని ప్రకటనల్లో చెప్పుకున్న పాటలోనూ అతుకు ఉంది, ఆ అతుకు ఎంత నేర్పుగా వేశారంటే తెలిస్తే తప్ప వినబడదు. 1970 మే 8న వచ్చిన 'లెట్ ఇట్ బీ' ఆల్బమ్‌లో ప్రొడ్యూసర్ ఫిల్ స్పెక్టర్ ఆ 27నాటి టేక్‌నే వాడాడు, తోక తీసేశాడు, చివర జనవరి 30నాటి డాబా కచేరీలో జాన్ అన్న మాటలు తెచ్చి తగిలించాడు. ఆ మాటలు వినే జనం మొత్తం పాట డాబా మీదిదే అనుకుంటారు. డాబా మీద ఆ పాట మూడుసార్లు వాయించారు, బిల్లీ ఆ చలిగాలిలోనూ వాళ్లతోనే ఉన్నాడు, కానీ అవి వేరే రికార్డింగులు.

ఇక పేరు విషయం. బయటివాళ్లు బీటిల్స్ పాటల్లో వాయించడం కొత్తేమీ కాదు. 1965లో 'ఇన్ మై లైఫ్' మధ్యలో వచ్చే ఆ పియానో ముక్క ప్రొడ్యూసర్ జార్జ్ మార్టిన్‌ది, టేపు సగం వేగంతో తిప్పుతూ వాయించి తర్వాత మామూలు వేగానికి తెచ్చాడు. 1968లో 'రెవల్యూషన్' సింగిల్‌లో ఎలక్ట్రిక్ పియానోతో దుమ్మురేపింది నిక్కీ హాప్‌కిన్స్, అదే ఏడాది జార్జ్ పాటకి ఏడ్చే గిటార్ వాయించింది క్లాప్టన్. లేబుల్ మీద ఎవరి పేరూ లేదు. 1966లో 'రివాల్వర్' ఆల్బమ్ అట్ట మీద తబలా వాయించిన అనిల్ భగవత్ పేరు వేశారు, అది గౌరవమే, కానీ అట్ట వెనక వాయిద్యకారుల్లో పేరు రావడం వేరు, ఆర్టిస్టు పేరుండాల్సిన చోట రావడం వేరు.

ఏకైక పేరు అన్న మాటకీ ఒక సవరణ కావాలి. 1961లో హాంబర్గ్‌లో టోనీ షెరిడన్ అనే గాయకుడి వెనకాల కుర్ర బీటిల్స్ 'మై బానీ' వాయించారు, అప్పుడు రికార్డు మీద వాళ్ల పేరు బీట్ బ్రదర్స్. 1964లో అమెరికా బీటిల్స్ మోజులో ఊగిపోతుంటే అదే పాటని 'ద బీటిల్స్ విత్ టోనీ షెరిడన్' అని తిరగరాసి అమ్మారు. అది సొమ్ము చేసుకోవడానికి కంపెనీ వేసిన పేరు. బ్యాండ్ తనంతట తాను ఇష్టపడి పక్కన నిలబెట్టుకున్న పేరు మాత్రం బిల్లీది ఒక్కటే.

దాని వెనక ప్రేమ ఉంది, వ్యాపారమూ ఉంది. ఆపిల్ బీటిల్స్ సొంత కంపెనీ, బిల్లీని ఆ కంపెనీకే సంతకం చేయించుకున్నారు, జార్జ్ ప్రొడ్యూసర్‌గా అతని ఆల్బమ్ అదే ఏడాది వచ్చింది, అందులోని 'దట్స్ ద వే గాడ్ ప్లాన్డ్ ఇట్' బ్రిటన్‌లో 11వ స్థానం దాకా ఎక్కింది. ఒక కొత్త గాయకుణ్ణి పరిచయం చేయడానికి నంబర్ వన్ రికార్డు మీద పేరుని మించిన ప్రచారం ఏముంటుంది? రెండూ కలిసే జరిగాయి, ఒకటుంది కాబట్టి రెండోది అబద్ధమవ్వదు. ఐదో బీటిల్ అన్నదానికీ ఆ రోజుల్లోనే జవాబు దొరికింది: బిల్లీని శాశ్వతంగా చేర్చుకుందామని జాన్ అంటే, నలుగురితోనే కష్టంగా ఉందన్నాడు పాల్.

అసలు ముడి డబ్బు దగ్గరుంది. ఒక రికార్డు నుంచి వచ్చే డబ్బు ఒకే కుప్పగా రాదు. పాట రాసినవాళ్లకి ఒక దారి. 'గెట్ బ్యాక్' రచన లెనన్-మెకార్ట్‌నీ (అంటే జాన్, పాల్) పేరు మీద ఉంది కాబట్టి ఇంకెవరు ఎక్కడ పాడినా రచన తాలూకు రాయల్టీ ఆ వైపే వెళ్తుంది, లేబుల్ మీద ఆర్టిస్టుగా పేరు ఉన్నంత మాత్రాన ఇందులో పైసా రాదు. రెండో దారి ఆ రికార్డింగుది, అది కంపెనీకి, కాంట్రాక్టు ఉన్న ఆర్టిస్టుకి. మూడోది సెషన్ వాయిద్యకారుడి దారి: వచ్చావు, వాయించావు, యూనియన్ రేటు ప్రకారం కూలి తీసుకున్నావు, వెళ్లావు. ఆనాటి సెషన్ మనుషుల్లో ఎక్కువమంది బతుకు ఈ మూడోదే. పేరు పడడం, వాటా రావడం ఒకటే అనుకుంటాం గానీ రెండూ వేర్వేరు కాగితాల మీద జరిగే పనులు.

మరి సోలోని అప్పటికప్పుడు అల్లినవాడు కూడా రచయితే కదా అంటే, చట్టం దానికి కొంత ఆలస్యంగానే అయినా చెవి ఒగ్గింది. 1967లో ప్రోకోల్ హారమ్ బ్యాండ్ 'ఎ వైటర్ షేడ్ ఆఫ్ పేల్'లో వినగానే గుర్తొచ్చే ఆర్గన్ బాణీ మాథ్యూ ఫిషర్‌ది. అతను 2005లో కేసు వేశాడు, మరుసటి ఏడాది కోర్టు సంగీతంలో 40 శాతం వాటా అతనిదేనంది, పై కోర్టులో ఆ తీర్పుకి దెబ్బ తగిలినా 2009లో అప్పటి అత్యున్నత కోర్టు హౌస్ ఆఫ్ లార్డ్స్ అతని పక్షానే నిలిచింది. అయితే అంతకుముందు దాదాపు నాలుగు దశాబ్దాల రాయల్టీ మాత్రం పోయినట్టే. అతను బ్యాండ్ మనిషి అనుకుంటే, ద బ్లూబెల్స్ పాట 'యంగ్ ఎట్ హార్ట్'లో వయొలిన్ వాయించిన బాబీ వాలెంటినో అచ్చంగా సెషన్‌కి పిలిస్తే వచ్చినవాడు, 2002లో లండన్ కోర్టు అతన్నీ సహరచయితగా ఒప్పుకుంది. కోర్టులు అడిగే ప్రశ్న ఇది: నువ్వు వాయించింది ఉన్న బాణీకి అలంకారమా, లేక బాణీలోనే భాగమా? వయొలిన్ తీసేస్తే 'యంగ్ ఎట్ హార్ట్'లో ఒక ముఖ్యమైన స్వరమాలే పోతుంది. బిల్లీ సోలో తీసేస్తే 'గెట్ బ్యాక్' రుచి పోతుంది గానీ పల్లవి, చరణం అలాగే ఉంటాయి. ఆ గీటురాయి మీద పెడితే అతని సోలో రచనగా కాక వాయింపుగానే తేలుతుందని నాకనిపిస్తుంది. అది న్యాయంగా ఉందా అంటే లేదు. మనం పాటని గుర్తుపెట్టుకునేది రుచితోనే, చట్టం లెక్కపెట్టేది ఎముకల్ని.

వాయించినవాళ్లకి కొన్ని హక్కులు తర్వాత వచ్చాయి. బ్రిటన్‌లో రేడియోలో రికార్డు వేసినప్పుడు వాయిద్యకారులకి చట్టప్రకారం వాటా రావడం 1996 నుంచి స్థిరపడింది. అమెరికాలో ఇప్పటికీ మామూలు ఏఎం, ఎఫ్ఎం రేడియోలో పాట వేస్తే రచయితకి డబ్బు వెళ్తుంది, వాయించినవాడికి, పాడినవాడికి పైసా రాదు. ఇంటర్నెట్, శాటిలైట్ రేడియోకి మాత్రం వేరే లెక్క ఉంది: 50 శాతం రికార్డింగు హక్కుదారుకి, 45 ముఖ్య కళాకారులకి, 5 మిగతా వాయిద్యకారులకీ గాయకులకీ. ఎవరు ముఖ్య కళాకారుడన్నది తేల్చేటప్పుడు రికార్డు మీద పేరు ఎలా పడిందో చూస్తారు. 45కీ 5కీ మధ్య తేడా చూశాక లేబుల్ మీద ఒక్క పేరు ఎంత బరువైనదో అర్థమవుతుంది, 1969లో ఆ పేరు వేసినప్పుడు ఇవేవీ ఎవరి బుర్రలోనూ లేకపోయినా సరే.

బ్రిటన్‌లో 2013లో ఇంకో మార్పు వచ్చింది. రికార్డింగుల హక్కు 50 ఏళ్ల నుంచి 70కి పెరిగింది. అంటే 2019 చివర ముగిసిపోవాల్సిన 'గెట్ బ్యాక్' రికార్డింగు హక్కు 2039 చివరిదాకా ఉంటుంది. అలా పెరిగిన ఏళ్లలో వచ్చే ఆదాయంలో 20 శాతాన్ని, ఒక్కసారి కూలి తీసుకుని హక్కులు రాసిచ్చేసిన సెషన్ కళాకారుల కోసం కంపెనీలు పక్కన పెట్టాలి. ఇది చిన్న విషయం కాదు. పేరు లేకుండా వాయించిన వందలాదిమందికి యాభై ఏళ్ల తర్వాత తెరుచుకున్న తలుపు ఇది.

బిల్లీ విషయానికొస్తే అతను ఆ ఒక్క లైను మీద బతికినవాడు కాదు. 'ఔటా-స్పేస్' అమెరికాలో 2వ స్థానానికి వెళ్లింది, 'విల్ ఇట్ గో రౌండ్ ఇన్ సర్కిల్స్', 'నథింగ్ ఫ్రమ్ నథింగ్' రెండూ నంబర్ వన్. 1971 ఆగస్టు 1న న్యూయార్క్‌లో రవిశంకర్, జార్జ్ కలిసి చేసిన బంగ్లాదేశ్ సహాయ కచేరీలో అతని పాట చూడండి, పాడుతూ పాడుతూ కీబోర్డు వదిలేసి లేచి స్టేజి మీద నాట్యం చేస్తాడు. 2006లో చనిపోయాడు, రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్ అతన్ని 2021లో గానీ చేర్చుకోలేదు.

ఒక్కటి మాత్రం నన్ను వదలడం లేదు. 'గెట్ బ్యాక్' వచ్చిన అదే ఏడాది అక్టోబరులో బీటిల్స్ 'సమ్‌థింగ్' సింగిల్‌గా విడుదల చేశారు. జార్జ్ రాసిన పాట, బిల్లీని తీసుకొచ్చి నిలబెట్టిన జార్జ్. అందులో హామండ్ ఆర్గన్ వాయించింది బిల్లీయే. లేబుల్ మీద ఉన్నది ద బీటిల్స్ అని మాత్రమే. రూలు అంటూ ఏదీ లేదు కాబట్టే ఏప్రిల్‌లో ఇచ్చారు, అక్టోబరులో ఇవ్వలేదు.